గురువారం నాలుగున్నరకు, బోర్డు లేని ఛాయ్ హోటల్లో

మహబూబ్‌నగర్ బస్టాండు నుంచి క్లాక్ టవర్ వైపు నడుస్తుంటే చెప్పుల దుకాణాల వరుస అయిపోయాక ఒక సందు వస్తుంది. ఆ సందు మొదట్లోనే ఉంటుంది ఈ ఛాయ్ హోటల్. బోర్డు లేదు. గోడకు సున్నం వేసినప్పుడు దించారట, మళ్ళీ ఎక్కించలేదు. ఆరు బల్లలు, గల్లా దగ్గర తెల్లగడ్డం చాచా, ఆయన తల వెనక అరలో పాత ఆంప్లిఫయర్, గోడ మీద రెండు చెక్క స్పీకర్లు. నేను ఆర్టీసీ కండక్టర్‌ని. నారాయణపేట రూటులో పల్లెవెలుగు బస్సు నాది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య ఆరేళ్ళుగా ఇక్కడే ఛాయ్ తాగుతున్నాను. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒక్క ఛాయ్‌కే అయితే మూడు ఇచ్చేదాన్ని. నాలుగోది గురువారం సాయంత్రం పెట్టే ఖవ్వాలీకి, అంటే దర్గాల్లో పాడే సూఫీ భక్తి పాటకి.

ఖవ్వాలీ అనే మాట చూడగానే ఇది మనకు సంబంధం లేనిది అనుకునేవాళ్ళ కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నాకు ఆ పాటంటే అస్సలు పడేది కాదు. చెవిన పడితే పళ్ళు బిగుసుకునేవి.

దానికో కారణం ఉంది. మాది దేవరకద్ర దగ్గర పల్లె. పక్క ఊళ్ళో దర్గా ఉంది. నేను పదో తరగతి రాసిన ఏడాది ఆ దర్గా ఉత్సవం, ఉర్సు, సరిగ్గా లెక్కల పరీక్ష ముందు రాత్రి పడింది. నాలుగు దిక్కులకూ మైకులు కట్టారు. గాలి మా వైపు కొడితే పాట ఇంట్లోకి వచ్చేది, అటు కొడితే సన్నగిల్లేది. చప్పట్లు, హార్మోనియం రొద, గొంతు చించుకుని పదేపదే ఒకటే మాట. అది తప్ప నాకేమీ వినపడలేదు. మెత్త చెవుల మీద పెట్టుకుని పడుకున్నా నిద్ర రాలేదు. తెల్లారి పరీక్షలో త్రికోణమితి లెక్క సగంలో వదిలేసి బయటికొచ్చాను. ఆ కోపం ఇరవై ఏళ్ళకు పైగా పాట మీదే ఉండిపోయింది. మనుషుల మీద ఎప్పుడూ లేదు. పీర్ల పండుగ మా పల్లెలో అందరిదీ. మా నాయన పీరుకు దట్టీ కట్టేవాడు, మేం పిల్లలం అలాయి గుండం చుట్టూ ఆడేవాళ్ళం. ఆ డప్పు మోగితే ఇప్పటికీ నా కాలు ఆగదు. ఈ పాట మాత్రం వద్దనుకున్నాను.

ఆ తర్వాత ఉద్యోగం. పొద్దంతా ఇంజను చప్పుడు, గంట, ఫుట్‌బోర్డు మీది పిల్లల కేకలు, వెనక సీటులో కోళ్ళ బుట్ట. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక జీరో టికెట్లు కొట్టి కొట్టి మధ్యాహ్నానికి బొటనవేలు తిమ్మిరెక్కేది. బస్సు దిగేసరికి తలలో ఇంకా బస్సు నడుస్తూనే ఉంటుంది. అప్పుడు కావలసింది ఒక ఛాయ్, కాస్త నిశ్శబ్దం. మిగతా ఆరు రోజులూ ఈ హోటల్లో ఆ రెండూ దొరికేవి. గురువారం మాత్రం సందు మొదటికి రాగానే చప్పట్లు వినపడేవి. ఆ ఒక్క రోజు నేను వెనక్కి తిరిగి బస్టాండు గేటు దగ్గరి బండి మీద ఛాయ్ తాగేదాన్ని.

రెండేళ్ళ కిందట ఒక గురువారం పెద్ద వాన పట్టింది. మా బస్సు టైరు మార్చడానికి డిపోలోకి పోయింది, గంట సేపు పని లేదు. బండి దగ్గర తల దాచుకునే చోటు లేక హోటల్లోకి వచ్చాను. మెట్ల కింద బల్ల ఒక్కటే ఖాళీ. పాట నడుస్తోంది. పది నిమిషాలైంది, అదే లైను. పదిహేను నిమిషాలైంది, ఇంకా అదే లైను. ఉండబట్టలేక అడిగాను.

"చాచా, మీ పాట ఎక్కడ్నో ఇరుక్కున్నట్టుంది. ఒకటే మాట పాడుతున్నడు."

చాచా గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు ఆయన ముఖంలో.

"ఇరుక్కోలేదు బిడ్డా. మీ భజనల గోవిందా అని ఒక్కసారే అని లేస్తరా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా మేనమామది భజన మండలి. మన్యంకొండ జాతరకు ఏటా పోయేవాళ్ళు. హనుమద్దాసు కీర్తన ఎత్తుకుని, ఒకే చరణాన్ని తాళాలు వేడెక్కేదాకా పాడేవాళ్ళు. మొదట మెల్లగా, తర్వాత రెట్టింపు వేగంతో, చివరికి మాటలు కరిగిపోయి పేరు ఒక్కటే మిగిలేది. ఆ సందడిలో కూర్చుని నేనూ తాళం వేసినదాన్ని. అక్కడ నాకు ఎన్నడూ విసుగు రాలేదు. అదే పని వేరేవాళ్ళు చేస్తే ఇరుక్కుంది అన్నాను.

"దీన్ని తక్‌రార్ అంటరు," అన్నాడు చాచా. మా దగ్గర తకరారు అంటే భూమి కాడి కొట్లాట అన్నాను. "అదే మాట. చెప్పిందే మళ్ళీ చెప్తే తకరారు అయితది కదా," అని, పాడేవాడు దేవునితో పెట్టుకున్న తకరారు ఇది అన్నాడు. వినకపోతే మళ్ళీ చెప్తాడు. విన్నా మళ్ళీ చెప్తాడు.

ఇంకో మాట కూడా ఆ రోజే చెప్పాడు. ఈ వ్యాసం మొత్తంలో మీకు ఏదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుండాలని నా కోరిక. ఖవ్వాలీ అనేది ఖౌల్ అనే అరబీ మాట నుంచి వచ్చింది. ఖౌల్ అంటే పలికిన మాట, ఇచ్చిన మాట. మన కౌలు కూడా అక్కడి నుంచి వచ్చిందే. మాట ఇచ్చి పొలం తీసుకుంటే కౌలు, మాట పట్టుకుని పాడితే ఖవ్వాలీ. మా నాయన బతుకంతా కౌలు రైతు. ఐదెకరాల జొన్న చేను కౌలుకు చేసి మమ్మల్ని సాకినవాడు. ఇంట్లో పొద్దున లేస్తే వినపడే మాట అది. దాని చుట్టపు మాటను నేను ఇరవై ఏళ్ళు చెవులు మూసుకుని తోసేశానా అనిపించింది. వాన తగ్గింది, బస్సు వచ్చింది, నేను పోయాను. కానీ తర్వాతి గురువారం బండి దగ్గరికి పోలేదు.

ఇష్టం ఒక్కరోజులో రాలేదు. చాచా నేర్పిన పద్ధతి వల్ల వచ్చింది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా వినేవాళ్ళకు పనికొస్తుంది.

మొదటి రోజు ఆయన చెప్పింది, పాట విడిచిపెట్టి చప్పట్లు మాత్రమే వినమని. ఖవ్వాలీలో చప్పట్లు ఉత్సాహానికి కొట్టేవి కావు. అవి వాయిద్యం. ముందు వరుసలో పెద్ద గాయకుడు, పక్కన తోడు గొంతు, హార్మోనియాలు. వెనక వరుసలో తబలా, ఢోలక్, వంత పాడేవాళ్ళు. చప్పట్లు కొట్టేది ఈ వంతవాళ్ళే. ఎక్కువ పాటలు ఎనిమిది మాత్రల కహర్వా తాళంలోనో, ఆరు మాత్రల దాద్రాలోనో ఉంటాయి. లెక్క పెట్టడం నాకు అలవాటైన పనే కాబట్టి బల్ల కింద వేళ్ళు ముడుస్తూ పట్టుకున్నాను. రెండు వారాలు చప్పట్లే విన్నాను. మూడో వారానికి, చప్పట్లు ఎక్కడ ఆగుతాయో ముందే తెలిసిపోయింది. అవి ఆగిన చోట పెద్దాయన గొంతు ఒంటరిగా పైకి లేస్తుంది. మళ్ళీ చప్పట్లు వచ్చి ఆ గొంతును కిందికి దించి నేల మీద నిలబెడతాయి. పదో తరగతి రాత్రి నాకు గాలిలో తెగి తెగి వినపడింది ఈ రెండింటిలో ఒక్కటే. రెండోది గాలి ఎత్తుకుపోయింది.

తర్వాత గిరహ్. గిరహ్ అంటే ముడి. గాయకుడు ఒక పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఇంకెవరి కవితో తెచ్చి ముడి వేస్తాడు. ఫార్సీ పాటలో హిందీ దోహా, అంటే రెండు పాదాల పద్యం వస్తుంది, ఉర్దూ గజల్ ముక్క వస్తుంది. దాని అర్థం తిరిగి తిరిగి చివరికి మొదటి లైను ముందు వచ్చి ఆగాలి. అప్పుడు వెనక వరుస అంతా ఆ మొదటి లైనును ఒక్కసారి అందుకుంటుంది. ముడి సరిగ్గా పడితే వినేవాళ్ళ నోట్లోంచి వాహ్ అని దానంతట అదే వస్తుంది. నా బస్సులో నారాయణపేట నేతవాళ్ళు ఎక్కుతుంటారు. పోగు తెగితే కొత్త పోగును ముడి వేసి, ముడి కనపడకుండా నేసేస్తారని ఒక అక్క చూపించింది కూడా. అందుకే గిరహ్ నాకు వెంటనే అర్థమైంది. అప్పటి నుంచి ఒకటే లైను మళ్ళీ వచ్చినప్పుడు విసుగు పోయి, ఈసారి ఏ పోగు తెచ్చి కడతాడో అనే ఎదురుచూపు మొదలైంది.

మాటలు చివరన వచ్చాయి. అక్కడ ఇంకో అడ్డం. షరాబ్, సాఖీ, మైఖానా. ఏ పాట విన్నా తాగుడు మాటలే. రాత్రి ట్రిప్పులో తాగి ఎక్కేవాళ్ళతో నాకున్న యాతన నాకే తెలుసు. దేవుని పాట అంటూ కల్లు దుకాణం గోల ఏంది చాచా అని గట్టిగానే అడిగాను. ఆయన బతుకులో ఒక్క చుక్క ముట్టనివాడు. ఎంతో ఓపికగా చెప్పాడు. సాఖీ అంటే గిన్నె నింపేవాడు. ఇక్కడ గురువు. మైఖానా ఆయన కూర్చున్న చోటు. మత్తు అంటే నేను అనేది మరిచిపోవడం. "దూప అయినోనికి నీళ్ళ మాట ఎంత తియ్యగుంటదో, ఈళ్ళకు ఆ మాట అంత," అన్నాడు. మండుటెండల్లో మా రూటులో తిరిగిన మనిషికి దూప గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఖవ్వాలీ పేరు చెప్తే ముందు తలచేది కవి అమీర్ ఖుస్రోని. 1253లో పుట్టి 1325లో పోయాడు. ఢిల్లీ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా శిష్యుడు. గురువు పోయిన ఏడాదిలోనే శిష్యుడూ పోయాడు, ఇద్దరి సమాధులూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆయన రాసిందిగా చెప్పుకునే ఒక పాటలో పాడే మనసు ఆడపిల్లది. గురువును రంగులు అద్దేవాడా అని పిలుస్తుంది. ఆ మాట చాచా చెప్పిన రోజు నాకు నారాయణపేటలో పోగు లచ్చలు రంగు నీళ్ళలో ముంచి ఎత్తే చేతులు కళ్ళ ముందు కనపడ్డాయి. ఒకసారి ముంచాక ఆ పోగు మళ్ళీ తెల్లగా కాదు. ఆ సాయంత్రం ఛాయ్ చల్లారిపోయింది, నేను తాగలేదు.

ఇదంతా ఇంట్లో చెప్తుంటే డిగ్రీలో హిస్టరీ చదివే మా అమ్మాయి ఒక మాట అంది. "అమ్మా, ఈ ఖుస్రోనే మన ఓరుగల్లు ముట్టడి గురించి కూడా రాసిండు." నిజమే. అలావుద్దీన్ ఖిల్జీ విజయాల మీద ఆయన రాసిన ఖజాయిన్-ఉల్-ఫుతూహ్‌లో 1310లో మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లు కోటను ముట్టడించిన కథ ఉంది. గెలిచినవాళ్ళ వైపు నిలబడి రాసిన కథ. ఓడింది మన ప్రతాపరుద్రుడు. రెండు మూడు రోజులు నాకు మనసు బాగాలేదు. ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేనా అని. గురువారం చాచాను అడిగాను. ఆయన కాసేపు ఆగి, "జీతం తీసుకున్న కాడ ఒకటి రాసిండు, పీరు, అంటే గురువు కాడ కూసున్నప్పుడు ఒకటి రాసిండు బిడ్డా. ఏడు వందల ఏండ్లాయె, జనం దేన్ని పాడుతుండ్రో చూడు," అన్నాడు. నాకు అది పూర్తిగా సరిపోలేదు. ఇప్పటికీ ఆ పాట వింటుంటే ఓరుగల్లు గుర్తొస్తుంది. గుర్తొచ్చినా వింటాను. రెండూ తెలిసి వినడమే నాకు నచ్చింది.

హోటల్లో వినపడే పాటలు ఎక్కువగా పాకిస్తాన్ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌వి. 1948లో పుట్టి 1997లో, యాభై నిండకుండానే పోయాడు. ఆయన గొంతు వింటే మొదట నాకు భయం వేసింది, అంత పైకి పోతుంది. మన హైదరాబాద్ వాళ్ళైన వార్సీ కుటుంబం పాటలు చాచాకు ప్రాణం. పెద్దాయన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతు మనలాంటి వాళ్ళకు దగ్గరగా వినిపిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఆడవాళ్ళు పాడరా అని అడిగితే, ఒకప్పుడు మొత్తం దేశాన్ని కూర్చోబెట్టిన షకీలా బానో భోపాలీ గురించి చెప్పి, తర్వాతి వారం పాకిస్తాన్‌లోని సింధ్‌కు చెందిన ఆబిదా పర్వీన్ పాడిన సూఫీ కలాం, అంటే సూఫీ కవుల పాటలు పెట్టాడు. ఆబిదా గొంతు విన్న రోజు రాత్రి ట్రిప్పులో నేను ఎవరినీ కసరలేదు.

పోయిన ఏడాది మా అమ్మాయిని తీసుకుని నాంపల్లి యూసుఫైన్ దర్గాకు పోయి ఎదురుగా కూర్చుని విన్నాను. ఎదురుగా వినడం వేరే సంగతి. గాయకుడి కళ్ళు వినేవాళ్ళ మీదే ఉంటాయి. ఒక ముసలాయన ఒక లైనుకు కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి గాయకుడు ముందుకు పోవడం మానేసి అదే లైను దగ్గర నిలబడ్డాడు. ఆ ముసలాయన తేరుకునే దాకా దాన్నే తిప్పి తిప్పి పాడాడు. అప్పుడు తెలిసింది, తక్‌రార్ ఎంతసేపు నడవాలో నిర్ణయించేది పాడేవాడు ఒక్కడే కాదని. అందుకే రికార్డులో ఐదు నిమిషాల పాట సభలో అరగంట అవుతుంది. పాత 78 స్పీడు రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది, అందులో దీన్ని కుక్కితే గిరహ్‌లు పోతాయి, వేడి రాకముందే పాట అయిపోతుంది. క్యాసెట్లు వచ్చాక కాస్త నయమైందని చాచా అంటాడు. అయినా మంచి చోట టేపు అయిపోతే పరుగెత్తి తిప్పి వేసేవాడట. ఇప్పుడు పెన్‌డ్రైవ్. ఇరవై ఎనిమిది నిమిషాల పాటైనా తెగదు.

ఈ హోటల్ గొప్ప అక్కడే ఉంది. పాటను మధ్యలో ఆపరు. పాట అయ్యేదాకా ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నా లెమ్మని ఎవరూ అనరు. నాలుగున్నరకు మొదలుపెట్టి, మగ్రిబ్ అజాన్, అంటే పొద్దుగూకాక నమాజుకు పిలిచే పిలుపు వినపడే ముందే చాచా చెయ్యి ఆంప్లిఫయర్ మీదికి పోతుంది. మొహర్రం పది రోజులూ పెట్టడు. రంజాన్ నెలలోనూ పెట్టడు. ఆ గురువారాల్లో వచ్చి నిరాశపడకండి. స్పీకర్లు పాతవి, గుండ్రంగా మోగుతాయి, ఢోలక్ కడుపులో తగులుతుంది. కుడి వైపు స్పీకర్ కింది బల్ల మాత్రం తీసుకోవద్దు, అక్కడ హార్మోనియం చెవిలో గుచ్చుకుంటుంది. మెట్ల కింద బల్ల అన్నిటికంటే మంచిది.

ఇక తిండి సంగతి. ఛాయ్ పదిహేను రూపాయలు. డికాక్షన్ వేరుగా హండాలో మూత బిగించి దమ్ మీద ఉంచుతారు, పాలు వేరుగా మరిగిస్తారు, కప్పులో కలుపుతారు. రంగు బాగుంటుంది, చక్కెర ఎక్కువ. తక్కువ వేయమని ముందే చెప్పాలి, తర్వాత చెప్తే లాభం లేదు. ఉస్మానియా బిస్కెట్ పొద్దున వచ్చినది సాయంత్రానికి మెత్తబడుతుంది. ఉల్లిగడ్డ సమోసా చిన్నది, కరకరలాడుతుంది, నాలుగు తినకుండా లేవలేం. గురువారం, శుక్రవారం మాత్రమే లుక్మీ చేస్తారు. మైదా పొర కింద ఖీమా పలుచగా పరిచి ఉంటుంది, మిరియం ఘాటు గొంతు దాకా వస్తుంది. ఐదింటికల్లా అయిపోతుంది. ఫోన్‌తో డబ్బులు కట్టొచ్చు.

తగ్గించిన స్టారుకు కారణాలు ఇవి. ఆడవాళ్ళకు బాత్రూం లేదు. డ్యూటీలో ఉన్న ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు, చాచాకు రెండుసార్లు చెప్పాను, కట్టిస్తానన్నాడు, ఇంకా కట్టలేదు. చేతులు కడుక్కునే చోట నీళ్ళు నిలుస్తాయి. బల్లలు తుడిచే గుడ్డ మార్చాలి. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది, చాచా ఊళ్ళో లేని వారం గల్లాలో ఆయన అల్లుడు కూర్చోవడం. మంచి పిల్లవాడే, లెక్కలో తేడా రాదు. కానీ పాట వేడెక్కే ముందే మార్చేస్తాడు. ఫోన్‌లోంచి డ్రమ్ములు కలిపిన కొత్త రకం ఖవ్వాలీలు పెడతాడు. వాటిలో చప్పట్లు మిషన్ కొడుతుంది. మిషన్ చప్పట్లు ఎవరి కోసమూ ఆగవు కాబట్టి గొంతుకు ఒంటరిగా లేవడానికి చోటే ఉండదు. అది విని ఖవ్వాలీ నచ్చలేదు అని ఎవరైనా వెళ్ళిపోతే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. గల్లాలో తెల్లగడ్డం కనపడితేనే కూర్చోండి.

మా డ్రైవరన్నకు ఇప్పటికీ ఖవ్వాలీ పట్టదు. ఆయన లుక్మీ కోసం వస్తాడు, నాతోపాటు కూర్చుంటాడు, మధ్యలో బయటికి పోయి బీడీ తాగి వస్తాడు. వినమని నేను బలవంతం చేయను. కానీ మొన్న మరికల్ దాటాక స్టీరింగు మీద ఆయన వేళ్ళు కహర్వా వేయడం చూశాను, ఆయన గమనించుకోలేదు, నేనూ అనలేదు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మన ఊరికి పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. అది చిన్నప్పుడే బడిలో చదివాను. మహబూబ్ అంటే ప్రేమించబడినవాడు అని మాత్రం ఈ హోటల్లోనే తెలిసింది. నిజాముద్దీన్ ఔలియాను మెహబూబ్-ఎ-ఇలాహీ అంటారు, దేవునికి ప్రియమైనవాడని. ఆ పిలుపు పాటలో వచ్చిన ప్రతిసారీ చాచా నా వైపు చూసి, ఇదిగో మీ ఊరు అన్నట్టు చెయ్యి ఊపుతాడు. రోజుకు కొన్ని వందల టికెట్ల మీద ఆ పేరు నేనే కొడతాను. దేవరకద్రలో ఎక్కిన ముసలమ్మకు మహబూబ్‌నగర్ అని జీరో టికెట్ చింపి చేతిలో పెడుతుంటే ఒక్కోసారి ఆ పాట లోపల మొదలవుతుంది.

ఈ నెల నాకు గురువారాలు పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం మూడింటికి దిగుతాను. నాలుగున్నరకు మెట్ల కింద బల్ల దగ్గర ఉంటాను. ఆ బల్లకు నాలుగు కుర్చీలు, మూడు ఖాళీగానే ఉంటాయి. వచ్చి కూర్చోండి. మాట్లాడాలనుకుంటే అజాన్ తర్వాత మాట్లాడుకుందాం.